సొంత డొమైన్ మెయిలుకు డికిమ్ కీలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సొంత డొమైన్ పేరుతో పంపిన మెయిళ్ళు అవతలివారి స్పామ్ ఫోల్డరులో పడుతున్నాయన్న ఫిర్యాదు ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఈమధ్య ఎక్కువగా కనిపిస్తోంది. అందువల్ల ఈసారి స్థలమంతా ఆ ప్రశ్నలకే ఇస్తున్నాం. రికార్డుల్లో రాయవలసిన మాటలను ఇక్కడ చదువుకోవడానికి వీలుగా తెలుగు లిపిలో అచ్చు వేస్తున్నాం. డొమైన్ వివరాలను అందరికీ చూపే పట్టిక డీఎన్‌ఎస్; అందులో వాటిని ఇంగ్లిషు అక్షరాలతోనే రాయాలని పాఠకులు గమనించాలి.

ప్రశ్న: మాది చీరాలలో చేనేత చీరల వ్యాపారం. సొంత డొమైన్ తీసుకొని మెయిలును గూగుల్ వర్క్‌స్పేస్‌లో పెట్టుకున్నాం. కొనుగోలుదారులకు వెళ్ళే ఆర్డరు మెయిళ్ళు, బిల్లులు చాలావరకు స్పామ్‌లోకి పోతున్నాయి. డికిమ్ పెట్టించుకోమని మా వెబ్‌సైటు తయారుచేసిన అబ్బాయి అంటున్నాడు. అదేమిటి? మేమే పెట్టుకోగలమా?

జవాబు: పెట్టుకోగలరు. అయితే దానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. దాన్ని వదిలేసి నేరుగా కీ తయారీకి దిగడం వల్లనే చాలామందికి ఫలితం కనిపించడం లేదు. మీ డొమైన్ పేరుతో మెయిళ్ళు ఎక్కడెక్కడి నుంచి బయలుదేరుతున్నాయో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. మీరు చెప్పిన వివరాలను బట్టి చూస్తే కనీసం మూడు చోట్లు ఉంటాయి. మీరు స్వయంగా టైపు చేసి పంపేవి గూగుల్ నుంచి వెళ్తాయి. వెబ్‌సైటులో ఆర్డరు పడగానే దానంతటదే వెళ్ళే మెయిలు మీ హోస్టింగ్ సర్వరు నుంచి వెళ్తుంది. బిల్లు మీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేరు వారి సర్వరు నుంచి వెళ్తుంది. గూగుల్‌లో డికిమ్ ఆన్ చేస్తే మొదటి రకానికే సంతకం పడుతుంది. స్పామ్‌లో పడుతున్నాయని మీరు చెబుతున్నవి రెండో రకం, మూడో రకం.

ఇక డికిమ్ ఏమిటో చూద్దాం. మెయిలు పంపడానికి వాడే ఎస్‌ఎంటీపీ పద్ధతి 1982 నాటిది. ‘ఫ్రమ్’ అన్నచోట రాసిన చిరునామా నిజంగా పంపినవారిదేనా అని సరిచూసే ఏర్పాటు అందులో లేదు. ఆ లోటును పూడ్చడానికి తరువాత మూడు ఏర్పాట్లు వచ్చాయి. మీ డొమైన్ తరఫున మెయిలు పంపడానికి ఏయే సర్వర్లకు అనుమతి ఉందో చెప్పే జాబితా ఎస్‌పీఎఫ్. మెయిలు మీద వేసే గణిత సంతకం డికిమ్. ఈ రెండింటిలో కనీసం ఒకటి పాసై, పాసైన డొమైను ‘ఫ్రమ్’లో కనిపించే డొమైనూ ఒకటే కావాలని, కాకపోతే ఏం చేయాలో కూడా చెప్పేది డీమార్క్. యాహూ రూపొందించిన డొమైన్‌కీస్‌ను, సిస్కో రూపొందించిన మరో పద్ధతిని కలిపి 2007లో డికిమ్‌ను ప్రమాణంగా ప్రకటించారు. ఇప్పుడు అమల్లో ఉన్నది 2011 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6376 అన్న ప్రమాణ పత్రం.

ఇందులో కీలు రెండు. ప్రైవేట్ కీ మెయిలు పంపే సర్వరులోనే ఉండిపోతుంది. ప్రతి మెయిలుకూ సంతకం చేసేది అదే. పబ్లిక్ కీని మీ డొమైన్ డీఎన్‌ఎస్‌లో అందరికీ కనిపించేలా ఉంచుతారు. బ్యాంకులో మనం ఇచ్చిన నమూనా సంతకంతో చెక్కు మీది సంతకాన్ని పోల్చి చూసినట్టే, మెయిలు అందుకున్న సర్వరు మీ డీఎన్‌ఎస్‌లోని పబ్లిక్ కీతో సంతకాన్ని సరిచూస్తుంది. మెయిలులోని విషయాన్ని గాని, సంతకం కిందికి వచ్చిన ‘ఫ్రమ్’, ‘సబ్జెక్ట్’ వంటి వరుసలను గాని దారిలో ఎవరైనా మార్చితే సంతకం చెల్లదు.

గూగుల్ వర్క్‌స్పేస్‌లో పద్ధతి ఇది. సూపర్ అడ్మిన్ ఖాతాతో అడ్మిన్ కన్సోల్‌లోకి వెళ్ళి యాప్స్, గూగుల్ వర్క్‌స్పేస్, జీమెయిల్, అథెంటికేట్ ఈమెయిల్ అన్న వరుసలో నొక్కుకుంటూ పోండి. మీ డొమైన్‌ను ఎంచుకొని కొత్త రికార్డు తయారు చేయమంటే కీ పొడవు అడుగుతుంది. 2048 బిట్లు ఎంచుకోండి. సెలెక్టర్, అంటే ఈ కీని గుర్తించే పేరు, అన్నచోట ‘గూగుల్’ అని ముందే ఉంటుంది, దాన్ని మార్చనక్కరలేదు. మీరు వర్క్‌స్పేస్‌లో చేరి రెండు మూడు రోజులే అయితే కీ వెంటనే తయారు కాకపోవచ్చు. జీమెయిల్ ఆన్ చేసిన తరువాత 24 నుంచి 72 గంటలు ఆగవలసి ఉంటుంది. తరువాత అది ఇచ్చిన పేరును, విలువను మీ డీఎన్‌ఎస్‌లో టీఎక్స్‌టీ (మామూలు అక్షరాలను ఉంచే) రికార్డుగా చేర్చాలి. పేరు ‘గూగుల్’, చుక్క, అండర్‌స్కోర్, ‘డొమైన్‌కీ’ అని ఉంటుంది. ఎక్కడ చేర్చాలన్నది ముఖ్యం. డొమైన్ కొన్న కంపెనీ ప్యానెల్‌లో కాదు, మీ డీఎన్‌ఎస్‌ను చూపించే నేమ్‌సర్వర్లు ఎవరివైతే వారి ప్యానెల్‌లో చేర్చాలి. డొమైన్ ఒకరి దగ్గర కొని, నేమ్‌సర్వర్లను క్లౌడ్‌ఫ్లేర్ వంటి మరో సంస్థకు మార్చి, రికార్డును పాత ప్యానెల్‌లో చేర్చి రోజుల తరబడి ఎదురుచూసేవారు తరచుగా కనిపిస్తారు.

రికార్డు చేర్చినంత మాత్రాన సంతకం పడదు. మళ్ళీ అడ్మిన్ కన్సోల్‌కు వచ్చి ‘స్టార్ట్ అథెంటికేషన్’ నొక్కాలి. డీఎన్‌ఎస్‌లో కీ ఉండడం వేరు, సర్వరు సంతకం చేయడం వేరు. ఈ రెండో అడుగు మరిచిపోయినవారికి ఒక విచిత్రం ఎదురవుతుంది. తమ మెయిలును ఒక మామూలు జీమెయిల్ ఖాతాకు పంపి, కంప్యూటరులో మూడు చుక్కల మెనూ నుంచి ‘షో ఒరిజినల్’ తెరిచి చూస్తే డికిమ్ ఎదురుగా ‘పాస్’ అనే ఉంటుంది. కానీ దాని పక్కనున్న డొమైన్ పేరును చదివితే అది మీది కాదు. చివర ‘జీఏపీపీఎస్‌ఎస్‌ఎంటీపీ డాట్ కామ్’ అని ఉంటుంది. మీరు కీ పెట్టకముందు గూగుల్ తన సొంత డొమైన్‌తో వేసే సంతకం అది. సంతకం నిజమైనదే, కానీ మీది కాదు కనుక డీమార్క్ దాన్ని లెక్కలోకి తీసుకోదు. కాబట్టి ‘పాస్’ అన్న మాట కన్నా దాని పక్కనున్న డొమైన్‌ను చూడడం అలవాటు చేసుకోండి.

ఇక మిగిలిన రెండు చోట్ల సంగతి. వెబ్‌సైటు వర్డ్‌ప్రెస్‌లో ఉంటే, మెయిలును హోస్టింగ్ సర్వరు నుంచి నేరుగా పోనివ్వకుండా ఒక ఎస్‌ఎంటీపీ ప్లగిన్ ద్వారా గూగుల్ మీదుగా పంపించే ఏర్పాటు మీ వెబ్‌సైటు తయారుచేసిన అబ్బాయితో చేయించండి. అప్పుడు ఆ మెయిళ్ళకూ అదే సంతకం పడుతుంది. లేదంటే హోస్టింగ్‌లో సీప్యానెల్ ఉంటే అందులో ‘ఈమెయిల్ డెలివరబిలిటీ’ అన్న పేజీలో ఆ సర్వరుకు సంబంధించిన డికిమ్ రికార్డు దొరుకుతుంది. దాని సెలెక్టర్ సాధారణంగా ‘డిఫాల్ట్’ అని ఉంటుంది కాబట్టి గూగుల్ రికార్డుతో తగాదా ఉండదు. ఒక డొమైన్‌కు ఎన్ని సెలెక్టర్లయినా, అంటే ఎన్ని కీలయినా ఉండవచ్చు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేరులో ‘డొమైన్ అథెంటికేషన్’ వంటి పేరుతో సెట్టింగు ఉందేమో చూడండి. లేకపోతే ఆ సాఫ్ట్‌వేరు మీ చిరునామాతో బిల్లులు పంపడం మానిపించి, పీడీఎఫ్‌ను మీ మెయిలు నుంచే పంపడం మేలు.

ప్రశ్న: మా కళాశాల డొమైన్‌కు 2048 బిట్ల కీని చేర్చబోతే హోస్టింగ్ ప్యానెల్ ‘విలువ మరీ పొడవుగా ఉంది’ అని తిప్పి కొడుతోంది. రెండు ముక్కలు చేసి రెండు రికార్డులుగా చేర్చాను. అయినా డికిమ్ ఫెయిల్ అనే వస్తోంది. 1024 బిట్లకు దిగిపొమ్మంటారా? – ఒక కార్యాలయ సహాయకుడు, కరీంనగర్

జవాబు: దిగవలసిన పని లేదు. టీఎక్స్‌టీ రికార్డులో విలువను తీగలుగా, అంటే అక్షరాల వరుసలుగా, నిల్వ చేస్తారు. ఒక్కొక్క తీగ పొడవును ఒకే బైటులో రాసుకుంటారు కాబట్టి ఒక తీగలో 255 అక్షరాలకు మించి పట్టవు. 2048 బిట్ల పబ్లిక్ కీ ఒక్కటే 392 అక్షరాలు ఉంటుంది, దానికి ముందుండే వెర్షన్, కీ రకం మాటలు అదనం. కనుక ముక్కలు చేయక తప్పదు. అయితే ఆ ముక్కలు ఒకే రికార్డులో రెండు తీగలుగా ఉండాలి. మీరు చేసినట్టు రెండు రికార్డులుగా ఉండకూడదు. మొదటి ముక్కను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, ఒక ఖాళీ వదిలి, రెండో ముక్కను మళ్ళీ కొటేషన్ల మధ్య పెట్టి, మొత్తాన్ని ఒకే విలువగా అతికించండి. అందుకునే సర్వరు వాటిని కలిపి చదువుకుంటుంది. చాలా ప్యానెళ్ళు ఈ ముక్కలు చేసే పనిని తామే చేసుకుంటాయి; మీది పాత ప్యానెల్ అయి ఉంటుంది.

కొటేషన్ గుర్తుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. విలువను వర్డ్‌లో పెట్టుకొని ముక్కలు చేస్తే అది నిలువు కొటేషన్లను వంపు తిరిగినవిగా మార్చేస్తుంది. కంటికి తేడా తెలియదు గాని రికార్డు చెడిపోతుంది. నోట్‌ప్యాడ్‌లో చేయండి. కీ మధ్యలో ఒక్క అక్షరం జారిపోయినా సంతకం సరిపోదు కాబట్టి మొదటి ముక్క చివరి నాలుగు అక్షరాలను, రెండో ముక్క మొదటి నాలుగు అక్షరాలను అసలుతో పోల్చుకోండి. తెగేది సాధారణంగా అక్కడే.

రెండో అనుమానం పేరు గడి మీద. అనేక ప్యానెళ్ళు మీరు రాసిన పేరు చివర డొమైన్‌ను తామే తగిలిస్తాయి. మీరు పూర్తి పేరు రాస్తే డొమైన్ రెండుసార్లు వచ్చి, రికార్డు ఎవరూ వెతకని చోట కూర్చుంటుంది. దీన్ని తేల్చుకోవడానికి విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఎన్‌ఎస్‌లుకప్’ ఆదేశంలో రకం టీఎక్స్‌టీ అని చెప్పి, సెలెక్టర్, అండర్‌స్కోర్ డొమైన్‌కీ, మీ డొమైన్ కలిపిన పూర్తి పేరును అడగండి. రెండు కొటేషన్ల జతలతో కీ కనిపిస్తే రికార్డు చేరవలసిన చోటికి చేరినట్టే. ‘నాన్ ఎగ్జిస్టెంట్ డొమైన్’ అని వస్తే పేరు తప్పింది, లేదా నేమ్‌సర్వర్లు వేరేవి. రికార్డు సరిదిద్దిన తరువాత కూడా పాత జవాబు కొంతసేపు, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల వరకు, కనిపిస్తుంది. ఆ వ్యవధిలో మళ్ళీ మళ్ళీ మార్చితే ఏది పనిచేసిందో మీకే తెలియకుండా పోతుంది.

మైక్రోసాఫ్ట్ 365 వాడేవారికి ఈ బాధ లేదు. అక్కడ సెలెక్టర్1, సెలెక్టర్2 పేర్లతో రెండు సీనేమ్ రికార్డులు చేర్చి, డికిమ్‌ను ఆన్ చేస్తే చాలు. అవి మైక్రోసాఫ్ట్ దగ్గరున్న కీలకే దారి చూపిస్తాయి.

ప్రశ్న: మాకు ముందే ఒక ఎస్‌పీఎఫ్ రికార్డు ఉంది. ఇప్పుడు జోహో మెయిల్ వారు మరొకటి చేర్చమన్నారు, చేర్చాం. అప్పటినుంచి ఎస్‌పీఎఫ్ ‘పర్మ్‌ఎర్రర్’ (శాశ్వత లోపం) చూపిస్తోంది. – రాజమహేంద్రవరం పాఠకుడు

జవాబు: ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండు కనిపిస్తే నియమం ప్రకారం రెండూ చెల్లవు. డికిమ్‌కు ఎన్ని కీలయినా ఉండవచ్చని పైన చెప్పిన మాట దీనికి వర్తించదు. రెండింటిలోని ‘ఇన్‌క్లూడ్’ మాటలను ఒకే రికార్డులోకి తెచ్చి, మొదట వెర్షన్ మాటను, చివర ‘ఆల్’ను ఒక్కసారే ఉంచండి. ఈ పనిలో ఉండగానే, ఇప్పుడు వాడని సేవల ‘ఇన్‌క్లూడ్’లను తీసివేయండి. ఎస్‌పీఎఫ్ సరిచూసే సమయంలో డీఎన్‌ఎస్‌ను పదిసార్లకు మించి అడగవలసి వస్తే అది కూడా పర్మ్‌ఎర్రరే. ఇన్‌క్లూడ్, ఏ, ఎంఎక్స్ వంటివి ఆ లెక్కలోకి వస్తాయి, పైగా ఒక ఇన్‌క్లూడ్ లోపల ఉన్న ఇన్‌క్లూడ్‌లు కూడా లెక్కే. నేరుగా రాసిన ఐపీ చిరునామాలు లెక్కలోకి రావు.

ప్రశ్న: మీ పాత సంచికలో చెప్పినట్టు డీమార్క్ రికార్డు ‘నన్’ విధానంతో పెట్టి, నివేదికలకు ఒక చిరునామా ఇచ్చాను. రోజూ గూగుల్, యాహూ, ఇంకా పేరు తెలియని సంస్థల నుంచి జిప్ ఫైళ్ళు వస్తున్నాయి. తెరిస్తే ఎక్స్‌ఎంఎల్. వీటితో ఏం చేయాలి? ‘రిజెక్ట్’కు మారిపోవచ్చా? – విజయవాడ నుంచి ఒక చార్టర్డ్ అకౌంటెంట్

జవాబు: ఫెయిలైన మెయిలును ఏమీ చేయవద్దని చెప్పేది ‘నన్’, తిరస్కరించమని చెప్పేది ‘రిజెక్ట్’. ఈ నివేదికలను చదవకుండా ‘రిజెక్ట్’కు మారవద్దు. మీ పేరుతో మెయిళ్ళు ఎక్కడెక్కడి నుంచి వెళ్తున్నాయో మీకు తెలియని చోట్లను కూడా చూపించేది ఈ నివేదికే. ఒక ఫైలును నోట్‌ప్యాడ్‌లో కాకుండా బ్రౌజరులో తెరవండి, మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. పై భాగంలో నివేదిక పంపిన సంస్థ పేరు, కాలవ్యవధి, మీ విధానం ఉంటాయి. కింద ‘రికార్డ్’ అన్న ముక్కలు వరుసగా ఉంటాయి. ఒక్కొక్కటి ఒక ఐపీ చిరునామా కథ. అందులో ‘కౌంట్’ అంటే ఆ ఐపీ నుంచి ఎన్ని మెయిళ్ళు వచ్చాయన్న సంఖ్య.

ఒక ఉదాహరణ చూడండి. కౌంట్ 14 అని ఉందనుకుందాం. ‘పాలసీ ఎవాల్యుయేటెడ్’ కింద డికిమ్ ఫెయిల్, ఎస్‌పీఎఫ్ ఫెయిల్. చూడగానే ఎవరో మోసగాడు అనిపిస్తుంది. ఇంకాస్త కిందికి ‘ఆథ్ రిజల్ట్స్’ దగ్గరికి వెళ్తే ఎస్‌పీఎఫ్ పాస్ అని ఉండి, డొమైన్ అన్నచోట మీ వెబ్‌హోస్టింగ్ కంపెనీ సర్వరు పేరు ఉంటుంది. పైన ఫెయిల్, కింద పాస్ ఎలా అని కంగారు పడనక్కరలేదు. ఎస్‌పీఎఫ్ సరిచూసేది ‘ఫ్రమ్’లోని డొమైన్‌ను కాదు, తిరుగు చిరునామాలోని డొమైన్‌ను. హోస్టింగ్ సర్వరు తన సొంత పేరును తిరుగు చిరునామాగా పెట్టింది. దానికి అనుమతి ఉంది కనుక పాస్, అది మీ డొమైన్ కాదు కనుక డీమార్క్ లెక్కలో ఫెయిల్. ఆ 14 మెయిళ్ళు మీ వెబ్‌సైటులోని ‘మమ్మల్ని సంప్రదించండి’ ఫారం పంపినవి అయి ఉండే అవకాశం ఎక్కువ. వీటిని సరిచేయకుండా ‘రిజెక్ట్’ పెడితే మీ ఖాతాదారుల విచారణలను మీరే ఆపించుకున్నట్టవుతుంది.

ఇలా కొన్ని వారాల నివేదికలను చూసి, మీవైన ప్రతి చోటుకూ డికిమ్ పెట్టి, మిగిలిన ఫెయిళ్ళు మీవి కావని తేలిన తరువాత, ఫెయిలైనవాటిని స్పామ్‌లో పెట్టమనే ‘క్వారంటైన్’కు, అక్కడ కొంతకాలం గమనించి ‘రిజెక్ట్’కు మారండి. చార్టర్డ్ అకౌంటెంటు పేరుతో పన్ను నోటీసు మెయిలు వస్తే ఖాతాదారులు ఇట్టే నమ్ముతారు కాబట్టి మీ వృత్తిలో ‘నన్’ దగ్గరే ఆగిపోవడం సరికాదని మా అభిప్రాయం. ఆదాయపు పన్ను రిటర్నుల గడువు దగ్గర పడిన నెలలో మాత్రం ఈ మార్పు చేయకండి.

రెండు చిన్న విషయాలు. రికార్డు మొదట్లో ఉండే ‘డీమార్క్1’ అన్న మాట ఇంగ్లిషు పెద్దక్షరాల్లోనే ఉండాలి. నివేదికలు అందుకునే చిరునామా వేరే డొమైన్‌లో ఉంటే, ఆ డొమైన్ వారు తమ డీఎన్‌ఎస్‌లో అందుకు సమ్మతి తెలిపే రికార్డు ఉంచాలి; లేకపోతే నివేదికలు రావు.

ప్రశ్న: మేము డాలస్‌లో ఒక తెలుగు సంఘానికి స్వచ్ఛందంగా పనిచేస్తున్నాం. ఉగాది, సంక్రాంతి ఆహ్వానాలను ఒక న్యూస్‌లెటర్ సేవ ద్వారా, సంఘం కార్యదర్శి యాహూ చిరునామాతో పంపుతాం. ఎన్నో తిరిగి వస్తున్నాయి. మా సభ్యుల సంఖ్య వేలల్లో ఉంది. డికిమ్ ఎలా పెట్టాలి?

జవాబు: యాహూ చిరునామాకు మీరు డికిమ్ పెట్టలేరు, ఆ డొమైన్ డీఎన్‌ఎస్ యాహూ చేతిలో ఉంది. పైగా యాహూ 2014 ఏప్రిల్‌లోనే తన డొమైన్‌కు డీమార్క్ ‘రిజెక్ట్’ పెట్టింది. అంటే తన సర్వర్ల నుంచి కాకుండా వేరే చోటు నుంచి యాహూ చిరునామాతో వచ్చే మెయిలును తిరస్కరించమని లోకమంతటికీ చెప్పింది. మీ న్యూస్‌లెటర్ సేవ సరిగ్గా ఆ పనే చేస్తోంది. జీమెయిల్ చిరునామాకు మారితే సరిపోతుందనుకోవద్దు. జీమెయిల్ పేరును వేరే సర్వర్ల నుంచి వాడవద్దని గూగుల్ నియమాల్లో స్పష్టంగా ఉంది.

సంఘం పేరుతో ఒక డొమైన్ తీసుకోండి. కార్యదర్శులు మారుతుంటారు కాబట్టి అది వ్యక్తి పేరున కాకుండా సంఘం ఖాతాలో ఉండడం మంచిది. న్యూస్‌లెటర్ సేవలో ‘డొమైన్ అథెంటికేషన్’ మొదలుపెడితే అది సాధారణంగా రెండు మూడు సీనేమ్ రికార్డులు ఇస్తుంది. వాటిని చేర్చగానే ఆ సేవ మీ డొమైన్ పేరుతో డికిమ్ సంతకం చేస్తుంది, ప్రైవేట్ కీ బాధ్యత కూడా దానిదే. దానితోపాటు డీమార్క్ రికార్డు కనీసం ‘నన్’తోనైనా పెట్టండి.

సంఖ్య వేలల్లో ఉందన్నారు కనుక ఇంకొక మాట. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, ఒక రోజులో జీమెయిల్ ఖాతాలకు 5000 లేదా అంతకు మించి మెయిళ్ళు పంపే డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డికిమ్, డీమార్క్ మూడూ తప్పనిసరి చేసింది. ఉపడొమైన్ల నుంచి వెళ్ళినవి కూడా ఈ లెక్కలో కలుస్తాయి. సంక్రాంతి నాడు ఒక్కసారి ఆ గీత దాటినా ఆ డొమైన్ శాశ్వతంగా పెద్ద ఎత్తున పంపేవారి జాబితాలో చేరిపోతుంది. అలాంటివారు ఒక్క నొక్కుతో చందా మాన్పించుకునే ఏర్పాటు ఇవ్వాలి. స్పామ్ అని ఫిర్యాదు చేసేవారి నిష్పత్తి 0.3 శాతానికి చేరకుండా చూసుకోవాలి. పదేళ్ళ క్రితం పిక్నిక్‌లో పేరు రాసి వెళ్ళినవారి చిరునామాలను ఇంకా జాబితాలో మోస్తుంటే కీలు ఎంత సరిగ్గా ఉన్నా ప్రయోజనం ఉండదు. సంతకం మెయిలు ఎవరిదో మాత్రమే చెబుతుంది, అది అవతలివారికి కావాలో అక్కరలేదో చెప్పదు.

ప్రశ్న: డికిమ్ కీని ఎంతకాలానికి ఒకసారి మార్చాలి? మా సొంత లైనక్స్ సర్వరులో మెయిలు పంపే పోస్ట్‌ఫిక్స్, సంతకం వేసే ఓపెన్‌డికిమ్ నడుపుతున్నాం. 2013లో పెట్టిన 1024 బిట్ల కీ ఇంకా పనిచేస్తూనే ఉంది. – హైదరాబాద్ పాఠకురాలు

జవాబు: పనిచేస్తోందన్నది నిజమే, కానీ ఈ ఏడాదే మార్చండి. కీ పొడవు ఎందుకు ముఖ్యమో 2012లో అందరికీ తెలిసివచ్చింది. జాకరీ హారిస్ అనే అమెరికన్ గణితజ్ఞుడికి గూగుల్ నుంచి ఉద్యోగ అవకాశం గురించి మెయిలు వచ్చింది. దాని సంతకం 512 బిట్ల కీతో ఉన్నదని గమనించిన ఆయన, అది తనకు పెట్టిన పరీక్ష అనుకొని, అద్దెకు తీసుకున్న క్లౌడ్ కంప్యూటర్లతో సుమారు 75 డాలర్ల ఖర్చుతో మూడు రోజుల్లో ఆ కీని ఛేదించారు. ఆ కీతో గూగుల్ వ్యవస్థాపకుల్లో ఒకరి పేరుతో మరొకరికి మెయిలు పంపారు. జవాబు రాలేదు గాని రెండు రోజుల్లో గూగుల్ కీ 2048 బిట్లకు మారిపోయింది. 2018 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8301 ప్రకారం 1024 కన్నా తక్కువ పొడవు పనికిరాదు, 2048 ఉండడం మేలు. షా1 అనే పాత గణిత పద్ధతితో సంతకం చేయకూడదు. మీ పాత అమరికలో షా1 మిగిలిపోలేదని కూడా చూసుకోండి.

సెలెక్టర్లు ఉన్నదే ఇలా కీలు మార్చుకోవడానికి. కొత్త సెలెక్టర్ పేరుతో కొత్త కీల జతను తయారు చేయండి; పేరులో సంవత్సరం, నెల ఉంటే తరువాత గుర్తుపట్టడం తేలిక. కొత్త పబ్లిక్ కీ డీఎన్‌ఎస్‌లో అన్నిచోట్లా కనిపిస్తోందని నిర్ధారించుకున్న తరువాతే ఓపెన్‌డికిమ్‌ను కొత్త ప్రైవేట్ కీకి మార్చండి. పాత పబ్లిక్ కీని వెంటనే తీసివేయవద్దు. అవతలి సర్వరు పనిచేయనప్పుడు మెయిలు నాలుగైదు రోజుల వరకు క్యూలో ఉండి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. అది పాత సంతకంతోనే ఉంటుంది. వారం పది రోజులు గడిచాక పాత రికార్డులో కీ ఉండే భాగాన్ని ఖాళీగా ఉంచితే ఆ కీ రద్దయినట్టు లెక్క.

కొత్తగా వచ్చిన ఎడ్‌25519 కీలు చాలా పొట్టివి, 255 అక్షరాల తగాదా ఉండదు. కానీ వాటిని అన్ని సర్వర్లూ ఇంకా సరిచూడవు. పెట్టదలిస్తే ఇప్పుడు వాడుతున్న ఆర్‌ఎస్‌ఏ రకం సంతకంతోపాటు రెండో సంతకంగా పెట్టండి. ప్రైవేట్ కీ ఫైలును చదివే హక్కు ఓపెన్‌డికిమ్ నడిచే యూజరుకు మాత్రమే ఉండాలి. సర్వరు చూసుకునే ఏజెన్సీ వారు ఆ ఫైలును వాట్సాప్‌లో పంపమని అడిగితే పంపకండి. పంపి ఉంటే ఆ కీ పోయినట్టే భావించి కొత్తది పెట్టండి.

ప్రశ్న: డాట్ భారత్ కింద తెలుగు లిపిలో డొమైన్ తీసుకున్నాను. దానికీ డికిమ్ పెట్టవచ్చా?

జవాబు: పెట్టవచ్చు. తెలుగు పేరు తెర మీద తెలుగులో కనిపించినా డీఎన్‌ఎస్‌లో అది ‘ఎక్స్‌ఎన్’, రెండు గీతలతో మొదలయ్యే ఇంగ్లిషు అక్షరాల రూపంలో ఉంటుంది. రికార్డులన్నీ ఆ రూపానికే చేర్చాలి, మీ మెయిలు సర్వరులో డొమైన్‌ను కూడా ఆ రూపంలోనే ఇవ్వడం క్షేమం. అంతకన్నా ముందు చూడవలసింది మీ మెయిలు సేవ తెలుగు చిరునామాలను అంగీకరిస్తుందా లేదా అన్నది. అంగీకరించకపోతే డికిమ్ దాకా వెళ్ళే ప్రశ్నే రాదు.

ప్రశ్న: రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం మా సహకార అర్బన్ బ్యాంకు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డొమైన్‌కు మారింది. కొత్తదానికి డికిమ్, డీమార్క్ పెట్టించాం. పాత డొమైన్ నుంచి ఇక మెయిళ్ళు పంపం కాబట్టి దానికి ఏమీ అవసరం లేదు కదా? – వరంగల్ నుంచి ఒక ఉద్యోగి

జవాబు: అవసరం ఉంది. ఖాతాదారులు ఇన్నేళ్ళుగా చూసింది పాత పేరునే; మోసగాళ్ళు వాడుకోవడానికి ఎంచుకునేదీ దాన్నే. దేశంలోని బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 లోపు మారాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టడం, ఆ పేర్లను హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ సాంకేతిక సంస్థ ఐడీఆర్‌బీటీ ద్వారా మాత్రమే ఇచ్చే ఏర్పాటు చేయడం నకిలీ బ్యాంకు పేర్లను అరికట్టడానికే. పాత తలుపు తెరిచి ఉంచితే ఆ ప్రయోజనం సగమే నెరవేరుతుంది.

మెయిలు పంపని డొమైన్‌కు చేయవలసింది తక్కువే. ఎస్‌పీఎఫ్ రికార్డులో ఏ సర్వరు పేరూ లేకుండా ‘మైనస్ ఆల్’ మాత్రమే ఉంచండి. డీమార్క్‌ను ‘రిజెక్ట్’లో పెట్టి, ఉపడొమైన్లకూ అదే వర్తించేలా చూడండి. పాత డికిమ్ సెలెక్టర్ల కీలను ఖాళీ చేసి రద్దు చేయండి. ఖాతాదారులు ఇంకా పాత చిరునామాకు రాస్తుంటారు కాబట్టి, వచ్చే మెయిలు ఏ సర్వరుకు చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులను ఇప్పుడే తీసివేయవద్దు. వచ్చే మెయిలు కొత్త చిరునామాకు చేరేలా ఉంచండి. పంపడం పూర్తిగా ఆపేయడానికి ముందు ఎస్ఎంఎస్ అలర్టులతోపాటు వెళ్ళే మెయిళ్ళు, లోను వాయిదా నోటీసులు, ఏటీఎం ఫిర్యాదుల వ్యవస్థ, ఇవన్నీ కొత్త పేరుకు మారాయో లేదో పాత డొమైన్ డీమార్క్ నివేదికల్లోనే తేల్చుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, పాత డొమైన్ రెన్యూవల్‌ను మానవద్దు. గడువు తీరి అది బయటి మార్కెట్లోకి వస్తే ఎవరైనా కొనుక్కోవచ్చు. అప్పుడు డీఎన్‌ఎస్ వారిదే, కీలు వారివే; మీ బ్యాంకు పాత పేరుతో వారు పంపే మెయిలు ఎస్‌పీఎఫ్, డికిమ్, డీమార్క్ మూడింటిలోనూ పాసవుతుంది. ఏటా వచ్చే ఆ చిన్న బిల్లును చెల్లించే బాధ్యత ఏ విభాగానిదో ఇప్పుడే రాతపూర్వకంగా నిర్ణయింపజేయండి.